నా కాలు చూసి డ్రమ్స్ వాయించిన మనిషి

ఆదివారం పొద్దున చేపల మార్కెట్టుకి వెళ్ళినప్పుడల్లా నేను చేపల సంగతి మరిచిపోయి ఐసు కొట్టే అతని దగ్గర నిలబడిపోతాను. అతను గోనెసంచిలో ఐసు గడ్డ వేసి, మూతి మెలిపెట్టి, పైనుంచి చెక్క సుత్తితో బాదుతాడు. మొదటి నాలుగైదు దెబ్బలు బరువుగా పడతాయి. తరవాత గడ్డ విరుగుతుంది, చప్పుడు పొడిపొడిగా మారుతుంది. చల్లటి నీళ్ళు సిమెంటు మీద పారి నా చెప్పుల్లోకి వస్తాయి. "మేడం, కాలు తియ్యండి, తడిసిపోతంది" అని అతను ప్రతివారం అంటాడు. నేను తియ్యను. తీద్దామన్నా నా కుడికాలు నా మాట వినదు. అది ఆ సుత్తి దెబ్బలకి లెక్క కడుతూ ఉంటుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ లెక్క నాకు నేర్పిన మనిషి పోయి తొమ్మిదేళ్ళు అవుతోంది.

ఆయన పేరు నాంచారయ్య. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు, పేరు వినే అవకాశం అంతకన్నా లేదు. బెజవాడలో కొన్నాళ్ళు 'ఊకబస్తా' అనే రాక్ బ్యాండు ఉండేది. ఆ బ్యాండు పెట్టింది ఆయనే, డ్రమ్స్ వాయించిందీ ఆయనే. మా పాటలు మూడు ఇప్పటికీ ఇంటర్నెట్టులో ఎక్కడో మూలన పడి ఉన్నాయి. ఎవరైనా వెతికి వింటే అందులో డ్రమ్స్ చక్కగా, గీత గీసినట్టు ఉంటాయి. అవి వాయించింది నాంచారయ్య అన్న కాదు. ఆయన వాయించిన నాలుగేళ్ళలో ఒక్క పాట కూడా ఎక్కడా మిగల్లేదు. ఇది రాయడానికి అదొక కారణం. ఇంకో కారణం ఉంది. దాన్ని మొదట్లోనే చెప్పేసే ధైర్యం నాకు లేదు కాబట్టి వరసలో చెప్తాను.

మాది పెడన. తాతయ్య గుంట మగ్గం మీద నేసేవాడు, నాన్న ఆ చీరలూ ఇంకో పదిమంది నేసిన చీరలూ మూటలు కట్టి బెజవాడ కొట్లకి తెచ్చేవాడు. నన్ను ఇంజనీరింగ్ చదివిద్దామని గన్నవరం దగ్గర ఒక కాలేజీలో చేర్పించి హాస్టల్లో పెట్టారు. అక్కడ నాకు చదువు అంటలేదు కానీ బాస్ గిటార్ అంటుకుంది. పై క్లాసు అమ్మాయి ఒకామె పెళ్ళి కుదిరి వెళ్ళిపోతూ, అత్తారింటికి తీసుకెళ్ళలేక, నాలుగు లావుపాటి తీగలున్న ఆ గిటార్ని నా మంచం మీద పడేసి పోయింది. దాన్ని వాయిస్తే పాట వినపడదు, పాట నిలబడే నేల వినపడుతుంది. "ఏంటే ఆ గుర్రుగుర్రు, పడుకోనివ్వవా" అని పక్క గదివాళ్ళు గోడ కొట్టేవారు. అలాంటి రోజుల్లో గవర్నరుపేటలో తీగలు కొనడానికి వెళ్తే, వాద్యాల కొట్టు అద్దం మీద చేత్తో రాసిన కాగితం ఒకటి కనిపించింది. 'బ్యాండుకి బాస్ కావాలి. అన్నీ సొంత పాటలే. బాగా రాకపోయినా ఫర్లేదు. మధ్యలో ఆపకుండా ఉంటే చాలు.'

కాగితంలో ఇచ్చిన చిరునామా వెతుక్కుంటూ వెళ్తే అది ఏలూరు కాలువ పక్కన ఒక ఐసు ఫ్యాక్టరీ. చేపల చెరువులకీ రొయ్యల లారీలకీ అక్కణ్ణుంచి ఐసు వెళ్ళేది. వెనకవైపు ఒక రేకుల గదిలో ఊకబస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఐసు కరగకుండా గడ్డల మధ్య ఊక పోస్తారు కదా, దానికోసం. మూడు గోడలకీ బస్తాలే కాబట్టి లోపల ఎంత మోత మోగించినా బయటికి పోదు. పెద్ద స్టూడియోల వాళ్ళు గోడలకి ఏవేవో మెత్తలు కొట్టించుకుంటారు, మాకు ఆ పని ధాన్యం మిల్లులు చేసిపెట్టాయి. బ్యాండుకి పేరు కూడా ఆ గదే పెట్టింది. ఒకటే బాధ, రిహార్సల్ అయ్యాక గంటసేపు ఒళ్ళంతా దురద.

నలభైకి దగ్గరపడ్డ మనిషి, లుంగీ మోకాళ్ళ పైకి మడిచి, నూనె మరకల బనీనుతో బయటికి వచ్చాడు. ఈయన వాచ్‌మన్ అనుకుని "బ్యాండువాళ్ళు ఎక్కడుంటారండీ" అని అడిగాను. "నేనే" అన్నాడు. బందరు అవతల సముద్రం ఒడ్డున పుట్టినవాడు. వాళ్ళ ఇంట్లో అందరిదీ వేటే. ఈయనకి మాత్రం పడవెక్కితే వాంతులట. "మా నాన్న నన్ను సముద్రం మీద మూడుసార్లు తీసుకెళ్ళి, నాలుగోసారి దండం పెట్టాడు" అని ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. అలా బెజవాడ వచ్చి పదేళ్ళు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించాడు. ఆర్కెస్ట్రాలు మూతపడ్డాక ఈ ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటరుగా చేరాడు. మా గిటారిస్టు కిరణ్, పోస్టరు మీద బాగుంటుందని ఆయన పేరు 'నాష్' అని వేద్దామన్నాడు ఒకసారి. "మా అమ్మ అమ్మవారికి మొక్కుకుని పెట్టిన పేరురా. నీ పోస్టరు కోసం కత్తిరిస్తే ఆ తల్లి ఊరుకోదు" అన్నాడు అన్న. పోస్టరు మీద నాంచారయ్య అనే పడింది. చూసిన ప్రతివాడూ నవ్వాడు, ఆయన ప్రతివాడితో కలిసి నవ్వాడు.

ఆ మొదటిరోజు ఆయన నన్ను గిటార్ బయటికి తియ్యమనలేదు. "మీ ఇంట్లో ఏం చప్పుడు విని పెరిగావమ్మాయ్?" అని అడిగాడు.

"మగ్గం చప్పుడండీ."

"ఏదీ, కాలితో కొట్టు."

చెప్పులు విప్పి, తాతయ్య మగ్గం తొక్కినట్టు నేలమీద కొట్టాను. ఆయన నా పాదం వంకే చూస్తూ ఒక ఖాళీ నూనె డబ్బా మీద వేళ్ళతో అందుకున్నాడు. రెండు నిమిషాలు అలా సాగింది. "నీ కాలికి అంతా వచ్చమ్మా. అది నీ చేతికి చెప్పు, చాలు" అన్నాడు. తరవాత కంప్రెసర్ గదిలోకి తీసుకెళ్ళి, ఊగిపోతున్న ఆ ఇనప బండ మీద నా అరచెయ్యి ఆనించాడు. హోరులో మాట వినపడాలని చెవి దగ్గరికి వచ్చి అరిచి చెప్పాడు. "విను అని నేనెవరికీ చెప్పను. చెవి మోసం చేస్తది. చెయ్యి చెయ్యదు." అది గొప్ప సంగీత రహస్యమనుకుని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. ఒక మనిషి తన కష్టాన్ని అలా చెప్పుకుంటున్నాడని నాకు తట్టలేదు.

బ్యాండు అంటే ముందు మేం నలుగురం. అన్న, కిరణ్, పాడే వాసు, నేను. కిరణ్ ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి ఇంట్లో తిట్లు తింటూ పాటలు రాసేవాడు. వాసు ఒక మందుల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు టై విప్పి జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ఏడాది తిరిగేసరికి వాసుకి బెంగుళూరు బదిలీ వచ్చింది. రేపు వెళ్ళిపోతున్నానని చెప్పడానికి వచ్చినవాణ్ణి అన్న కదలనివ్వలేదు. "రిలీవరు రాకుండా సీటు వదుల్తారేంట్రా ఎక్కడన్నా?" అన్నాడు. ఐసు ఫ్యాక్టరీలో పద్ధతి అది. కంప్రెసర్ ఆపకూడదు. షిఫ్టు మారేటప్పుడు కొత్తగా వచ్చినవాడు నడుస్తున్న మిషను మీద చెయ్యి పెడతాడు. పాతవాడి చెయ్యి కూడా దానిమీదే ఉంటుంది. "పట్టుకున్నావా?" అంటాడు పాతవాడు. "పట్టుకున్నా." "వదిలేస్తున్నా." అప్పుడు గానీ చెయ్యి తియ్యడు. మా బ్యాండులోనూ అదే పెట్టాడు. వెళ్ళేవాడు పాట మధ్యలో వెళ్ళాలి, వచ్చేవాడు పాట మధ్యలో అందుకోవాలి, పాట మాత్రం ఆగకూడదు. వాసు రెండు ఆదివారాలు బెంగుళూరు నుంచి రైల్లో వచ్చి తన పాటలన్నీ కిరణ్‌కి అప్పగించాడు. రెండో ఆదివారం పల్లవి వాసు మొదలుపెట్టాడు, ఇద్దరూ కలిసి పాడుతూ ఉండగా "పట్టుకున్నావా" అన్నాడు, చరణానికి కిరణ్ గొంతు ఒక్కటే మిగిలింది. వాసు ఊకబస్తాల మీద కూర్చుని ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ తరవాత కీబోర్డువాళ్ళు ఇద్దరు, రెండో గిటారువాళ్ళు ముగ్గురు వచ్చారు, పోయారు. ఒకడు పోటీపరీక్షలకని, ఒకడు పెళ్ళికని, ఒకడు కిరణ్‌తో గొడవపడి. అందరూ అప్పగించే వెళ్ళారు. గొడవపడినవాడు కూడా మొహం మాడ్చుకునే వచ్చి, పాట మధ్యలో చెయ్యి తీసి, అప్పుడు తిట్టి పోయాడు.

మా రేకుల గది మీదుగానే గన్నవరంలో దిగే విమానాలు వెళ్ళేవి. నెత్తిమీద నుంచి పోయినట్టే ఉండేది, రేకులు గలగలమనేవి. విమానం వచ్చిందంటే మేం వాయించడం ఆపి, పైకి చూసి, పోయాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. రెండో ఏడాది ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేనూ అన్నా ఇద్దరమే ఉన్నాం. కిరణ్ ఇంకా రాలేదు. అన్న తల వంచుకుని డ్రమ్ము తోలు బిగిస్తున్నాడు. విమానం వచ్చింది. ఆ మోతకి నేను చెవులు మూసుకున్నాను. ఆయన తల ఎత్తలేదు. విమానం పోయాక, చేతి కింద డ్రమ్ము తోలు వణికిందేమో, అప్పుడు పైకి చూశాడు. వట్టి ఆకాశం వైపు. ఆయన వీపు వెనకాల నిలబడి "అన్నా" అన్నాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. పలకలేదు. ముందుకి వెళ్ళి నిలబడితే నా ముఖం చూసి ఆయనకి అర్థమైపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాను. నా పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు.

"కుడిది రెండేళ్ళు. ఎడమది ఈమధ్య." ఏదో పంటి నొప్పి గురించి చెప్తున్నట్టు చెప్పాడు. "మరీ ఏం లేదు. హోరు వినపడతది. మనుషులే వినపడరు."

"మరి డ్రమ్స్?"

"నీ కాలు చూసి వాయిస్తన్నా."

నేను నమ్మలేదు. అప్పుడు గుర్తొచ్చింది, నేను ఎప్పుడు చెప్పులు వేసుకుని నిలబడినా "చెప్పులు విప్పమ్మా, వాయిద్యమంటే సరస్వతి" అనేవాడు. నా చోటు ఎప్పుడూ ఆయనకి ఎదురుగా ఎడమవైపు. ఎవరైనా అడ్డం వస్తే జరగమనేవాడు. ఆ భక్తి అంతా ఇదన్నమాట. డాక్టరు దగ్గరికి వెళ్దాం, చెవి మిషను పెట్టించుకోండి అంటే, ఆయన రెండు చేతులూ జోడించాడు. అంత పెద్దవాడు అలా జోడిస్తే చూడలేకపోయాను. "ఆపరేటరుకి చెవే ఉద్యోగం అమ్మాయ్. మిషను మాట మారితే పట్టుకోవాల్సింది చెవితోనే. ఓనరుకి తెలిస్తే మర్నాడు గేటు బయట ఉంటా. ఇద్దరు పిల్లలు. ఎవరికీ చెప్పమాక. మీ వదినక్కూడా తెల్దు." చెప్పనని ఒట్టేశాను. నా మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషి అప్పటిదాకా ఎవరూ లేరు. నాకు గర్వంగా కూడా ఉంది. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, మిగతా వాళ్ళకి తెలియనిది నాకు తెలుసన్న గర్వం.

ఆ తరవాత రెండేళ్ళు నా కాలే మా బ్యాండుని నడిపింది. స్టేజీ దీపాల్లో కనిపించాలని కుడి పాదం వేళ్ళన్నిటికీ ఎర్రటి గోళ్ళరంగు వేసేదాన్ని, ఒక్క కాలికే. "ఇంకో కాలికి రంగు అయిపోయిందా" అని కిరణ్ వెక్కిరించేవాడు. పాట మొదలుపెట్టే ముందు అన్న నా పాదం వంక చూసి తల ఊపేవాడు. నేను నాలుగు కొట్టేదాన్ని. అంతే, ఆ మనిషి వాయిస్తుంటే నేల కదిలేది. చెవులు సరిగ్గా ఉన్న డ్రమ్మరు ఎవరూ నా కింద అంత గట్టి నేల పరవలేదు, ఇది నేను ఎక్కడైనా చెప్తాను. వాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్తే నాగమణి వదిన వంటింట్లోంచి కేకలు పెట్టేది. "మూడుసార్లు పిలిచా. పలకడు. చూశావా శైలూ, నా మాటంటే అంత లెక్క మీ అన్నకి!" అన్న నా వంక చూసి కన్ను గీటేవాడు. నేను చేపల పులుసులోకి తల దించుకుని నవ్వేదాన్ని. నవ్వొచ్చిందప్పుడు.

చదువైపోయింది. ఇక పెడన వచ్చి కొట్లో కూర్చో అని నాన్న ఫోన్లు మొదలుపెట్టాడు. సరిగ్గా ఆ సమయంలో హైదరాబాదు నుంచి ఒకాయన మా పాటలు రికార్డు చేస్తానన్నాడు. నాకు అది ఒడ్డు దొరికినట్టుంది. రికార్డు బయటికొస్తే ఇంట్లో చూపించి ఇదీ నా పని అని చెప్పవచ్చు. కాకపోతే స్టూడియోలో ఎవరి గదిలో వాళ్ళు, చెవుల్లో టిక్కు టిక్కుమనే లెక్క వింటూ విడివిడిగా వాయించాలి. అక్కడ నా కాలు ఉండదు. కిరణ్‌కి చెవుల సంగతి తెలియదు, అయినా అన్న స్టూడియోలో నిలవలేడని వాడికి అనుమానం ఉంది. "పాతకాలం వాయింపు శైలూ. తరుణ్ అని డెంటల్ కాలేజీలో ఒకడున్నాడు, గడియారంలా వాయిస్తాడు. అన్నకి నువ్వు చెప్పు. నీ మాటైతే తీసుకుంటాడు." చెప్తానన్నాను. ఆ వారం ఆయన్ని మూడుసార్లు కలిశాను, చెప్పలేదు. రేపు చెప్తా, రేపు చెప్తా అనుకుంటూ ఉండగానే ప్రోగ్రాం రోజు వచ్చేసింది.

బెజవాడలో ఒక కాలేజీ ఆడిటోరియం. హైదరాబాదాయన ముందు వరసలో కూర్చున్నాడు. రెండు పాటలు బాగా వెళ్ళాయి. మూడోది 'పొగగొట్టాలు', ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే కనిపించే ఆ కరెంటు కేంద్రం పెద్ద గొట్టాల మీద కిరణ్ రాసింది. దాని మధ్యలో ఒకచోట అందరం ఒక్కసారి ఆగిపోతాం. ఎనిమిది లెక్కలు పూర్తి నిశ్శబ్దం. తొమ్మిదో లెక్కకి అందరం కలిసి పడాలి, ముందు పడేది డ్రమ్స్. ఆ ఎనిమిది లెక్కల్లోనూ అన్నకి నా పాదం తప్ప ఈ లోకంలో ఇంకో ఆధారం లేదు. అందరం ఆగాం. హాలు నిశ్శబ్దమైంది. నేను ఒకటి కొట్టాను, రెండు కొట్టాను, మూడు కొట్టాను.

అక్కడ నేను కాలు ఆపాను.

పొరపాటున కాదు. తిమ్మిరెక్కీ కాదు. నేను చెప్పలేకపోయినది హాలు చెప్తుంది కదా అనుకున్నాను. ఆయన అందరి ముందూ తప్పితే కిరణే మాట్లాడతాడు, హైదరాబాదాయనే మాట్లాడతాడు, నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, మంచిదాన్నిగా మిగిలిపోతాను. ఇదంతా ఆలోచించడానికి ఒక్క లెక్క చాలు. అన్న నా పాదం వంక చూస్తూనే ఉన్నాడు. అది కదలకపోయేసరికి కర్రలు గాల్లోనే ఆగాయి. తల ఎత్తి నా ముఖం చూశాడు. నేను వేరేవైపు చూడాల్సింది, చూడలేదు. ఆయనకి తెలిసిపోయింది. ఎక్కడో ఒకచోట పడాలి కాబట్టి పడ్డాడు, రెండు లెక్కల ముందు, ఒక్కడే. ఖాళీ హాల్లో ఇత్తడి బిందె దొర్లినట్టయింది. వెనక వరసల కుర్రాళ్ళు ఈలలు వేసి నవ్వారు. మిగతా పాట ఆయన అంతా వెతుక్కుంటూ వాయించాడు. నేను మళ్ళీ కాలు కదిపాను కానీ ఆయన ఇక దాన్ని చూడలేదు.

తిడతాడని, అందరి ముందూ నిలదీస్తాడని మూడు రోజులు భయపడ్డాను. తరవాతి ఆదివారం ఆయనే అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నాడు. "నా వల్ల కావట్లేదురా కిరణూ, డ్యూటీలు మారినయ్. రిలీవర్ని పిలవండి" అన్నాడు. కిరణ్ ముఖం మీద కనిపించిన ఊరట నాకు గుర్తుంది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. నాలుగు ఆదివారాలు తరుణ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి పాటా నేర్పాడు. ఎక్కడ బరువెయ్యాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, కిరణ్ ఏ చరణంలో తొందరపడతాడు, అన్నీ. "బాస్ అమ్మాయిని వదలమాక. ఆ పిల్ల కాలు అబద్ధం చెప్పదు" అని కూడా చెప్పాడు, నా ఎదురుగానే. ఎత్తిపొడుపో, నన్ను కాపాడటమో, ఈరోజుకీ తేల్చుకోలేదు.

నాలుగో ఆదివారం అప్పగింత. 'పొగగొట్టాలు' మొదలుపెట్టాడు. చరణం మధ్యలో తరుణ్ ఆయన వెనకనుంచి వంగి ముందు ఎడమచేతి కర్ర అందుకున్నాడు, తరవాత కుడిచేతిది. అన్న పక్కకి జరుగుతూ జరుగుతూ పాదం మాత్రం పెద్ద డ్రమ్ము పెడలు మీదే ఉంచాడు. "పట్టుకున్నావా?"

"పట్టుకున్నానన్నా."

"వదిలేస్తున్నా." పాదం తీశాడు. పాట ఆగలేదు. ఆయన లుంగీ దులుపుకుని, బస్తాల పక్కనుంచి తలుపు దాకా వెళ్ళి, తిరిగి నా దగ్గరికి వచ్చాడు. నేను వాయిస్తూనే ఉన్నాను. కంప్రెసర్ గదిలో లాగే చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "కాలు తీసేటప్పుడు చెప్పి తియ్యాలమ్మా." అంతే అన్నాడు. కోపం లేదు. పని తెలియనివాళ్ళకి పని చెప్పినట్టు చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆయన నాతో మాట్లాడిన చివరి మాట అదే.

హైదరాబాదులో మూడు పాటలు రికార్డు చేశాం. బాగున్నాయని అన్నారు. ఆరు నెలల్లో తరుణ్ పై చదువుకి వెళ్ళిపోయాడు, వాట్సాప్‌లో మెసేజి పెట్టి. కిరణ్ పుణెలో ఉద్యోగం చూసుకున్నాడు, నాకు ఫోన్ చేసి. ఎవరూ ఎవరికీ అప్పగించలేదు. గదిలో డ్రమ్ములు ఎవరు తీసుకెళ్ళారో కూడా నాకు తెలియదు. అన్నని కలవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఫ్యాక్టరీ ముందునుంచి బస్సులో వెళ్తూ తల తిప్పుకునేదాన్ని.

అన్న పోయాడని ఫోన్ కిరణ్ దగ్గరినుంచే వచ్చింది. పట్టపగలు, ఫ్యాక్టరీ ఆవరణలోనే, ఐసు వ్యాను వెనక్కి వస్తోంది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడట. చుట్టూ పదిమంది ఉన్నారు, అందరూ అరిచారట. ఆయన చేతులు తుడుచుకుంటూ తన మానాన తను నడుచుకుంటూ వెళ్ళాడట. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు టెంటు వేశారు. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. అంతమంది అరిస్తే వినపడకపోవడమేంటి? కావాలనే అడ్డం వెళ్ళాడేమో. ఈమధ్య దిగులుగా ఉంటున్నాడు, ఆ బ్యాండు మానేసిన దగ్గర్నుంచీ. ఆ మాటలు లోపల కూర్చున్న నాగమణి వదిన చెవిన పడుతూనే ఉన్నాయి. నన్ను చూసి లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెప్పు శైలూ. మా మీద విరక్తి పుట్టి పోయాడా? నేనంత సాధించానా?"

ఒట్టు గుర్తొచ్చింది. ఎవరికోసం వేసిన ఒట్టో ఆ మనిషి లోపల గుడ్డ కప్పుకుని ఉన్నాడు. "కావాలని కాదు వదినా. అన్నకి వినపడదు. నాలుగేళ్ళు దాటింది. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు" అన్నాను. ఆమెకి ఊరట కలుగుతుందనుకున్నాను. ఆమె నా చెయ్యి వదిలేసింది.

"నాలుగేళ్ళు తిట్టాను. పిలిస్తే పలకవేంటి, పొగరా అని తిట్టాను. పిల్లల ముందు తిట్టాను. నువ్వు మా ఇంట్లో కూర్చుని తింటా నవ్వావు." గొంతు పెంచలేదు. "ఆయన చెప్పొద్దనే అంటాడు. నువ్వు చెప్పొద్దా అమ్మా? చెవి మిషను పెట్టించేదాన్ని కదా. ఆ పని మానిపించేదాన్ని కదా." ఆమె గుమ్మం వైపు తిరిగింది. "ఇంక వెళ్ళు" అని లోపలికి పోయింది. మళ్ళీ నన్ను ఆ ఇంటికి రానివ్వలేదు. రానివ్వకపోవడమే న్యాయం.

చెప్పాల్సిన చోట ఒట్టు అని నోరు మూసుకున్నాను, ఆపకూడని చోట కాలు ఆపాను. ఒక మనిషి చెవులు నా దగ్గర దాచుకుంటే నేను చేసిన కాపలా అది. వదినకి ఆరోజు చెవుల సంగతి ఒక్కటే చెప్పాను, కాలు సంగతి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆయన కూడా ఎవరికీ చెప్పకుండానే పోయాడు. ఇదిగో, ఇప్పుడు చెప్తున్నాను. ఇది వదిన దాకా వెళ్తే వెళ్ళనివ్వండి.

నేనిప్పుడు నాన్న కొట్లోనే కూర్చుంటున్నాను. గిటార్ అటక మీద ఉంది. కాలు మాత్రం నాతోనే ఉంది, పెళ్ళి ఊరేగింపు పోతున్నా, పక్క కొట్లో కుట్టుమిషను నడుస్తున్నా అందుకుంటుంది. ఎక్కడ ఎవరు దాన్ని చూస్తూ ఉంటారో అని, మొదలుపెట్టాక చివరిదాకా ఆపను. పోయిన ఆదివారం మార్కెట్టులో ఐసు కొట్టే అతనికి మధ్యలో ఫోనొచ్చింది. సుత్తి సంచి మీద పెట్టి అవతలికి వెళ్ళి మాట్లాడుతున్నాడు. గడ్డ సగమే విరిగింది. చేపలమ్మే ఆమె "ఏంటమ్మా, ఎవరికోసం చూస్తన్నావ్?" అని అడిగింది. ఎవరికోసం లేదన్నాను. అతను తిరిగొచ్చి సుత్తి ఎత్తేదాకా ఆ చల్లటి నీళ్ళలో నిలబడి కొడుతూనే ఉన్నాను. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది.